పగ్గాలు లాగేకొద్దీ వేగం పెంచుతోంది... నా గుర్రాన్ని అమ్మేయాలా?

హైదరాబాద్ శివార్ల నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. వయసు 37, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ గుర్రాలంటే ప్రాణం. కానీ స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టింది మాత్రం నాలుగేళ్ల కిందట, మొయినాబాద్ వైపున్న ఒక క్లబ్బులో, నెమ్మదైన ముసలి గుర్రం మీద. ఎనిమిది నెలల కిందట మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన పందేల జాతి గుర్రం, ఆరేళ్ల ఆడ థరోబ్రెడ్, తక్కువ ధరకు వస్తోందని తెలిసి కొనేశారు. దాన్ని ముద్దుగా మైనా అని పిలుచుకుంటారు.

నడకలో మైనా ఎంతో మర్యాదగా ఉంటుందట. ట్రాట్‌లోకి, అంటే నడక కంటే వేగమైన దుడుకు నడకలోకి, రాగానే తొందరపడుతుంది. క్యాంటర్, అంటే దానికంటే వేగమైన పరుగు, అడిగితే చాలు, తల పైకెత్తి, నోరు తెరిచి, పగ్గాల మీద బరువంతా వేసి దూసుకుపోతుంది. "ఎంత గట్టిగా లాగితే అంత వేగం పెంచుతోంది" అని రాశారు. మొదటిసారి ఎలాగో ఆగింది. రెండోసారి మైదానం చివర కంచె దగ్గర చటుక్కున పక్కకు తిరగడంతో ఈమె పడిపోయి కాలర్‌బోన్ విరిగింది. అది జరిగి ఆరు వారాలు. అత్తగారింట్లో వాళ్లకు మాత్రం మెట్ల మీద జారానని చెప్పారు. నిజం తెలిసింది భర్తకు ఒక్కరికే, ఆయన అమ్మేయమంటున్నారు. మైనాను చూసుకునే సైసు, ముళ్ల కళ్లెం వేస్తే రెండు రోజుల్లో దారికొస్తుందంటున్నాడు. క్లబ్బు కోచ్ రోజూ గంటసేపు గ్యాలప్, అంటే పూర్తి వేగంతో పరుగు, చేయించి అలసగొట్టమంటున్నారు. మైనా వారంలో ఐదు రోజులు షెడ్డులోనే ఉంటుంది, సైసు పొద్దున అరగంట నడిపిస్తాడు. శని, ఆదివారాల్లో మాత్రమే స్వారీ. తిండి రేసుల రోజుల్లోలాగే ఓట్స్, శనగలు రెండు పూటలా, రాత్రికి కొంచెం ఎండుగడ్డి. ఇప్పుడు స్టేబుల్‌కు వెళ్లే దారిలోనే ఈమెకు అరచేతులు చెమట పడుతున్నాయి. "తప్పు గుర్రానిదా, నాదా? ఉంచుకోవాలా, వదిలేయాలా?" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం ఒకటుంది. ఎంత లాగితే అంత వేగం పెంచుతోందన్నారే, అది. మిగతావాళ్లంతా దాన్ని మైనా పొగరుకు రుజువుగా చూస్తున్నారు. నాకు మాత్రం అందులో తనకు నేర్పిన పాఠాన్ని అక్షరం తప్పకుండా అప్పజెప్తున్న గుర్రం కనిపిస్తోంది.

రేసు గుర్రానికి సుమారు ఏడాదిన్నర వయసులోనే జీను, మనిషి బరువు అలవాటు చేస్తారు. రెండేళ్లకల్లా పందేల్లోకి దింపుతారు. ఆ వయసు నుంచి దానికి తెలిసిన స్వారీ ఒక్కటే. జాకీ పొట్టి రికాబుల మీద ముందుకు వంగి, జీను మీద కూర్చోకుండా తేలుతూ ఉంటాడు. పగ్గాలు పొట్టిగా, బిగువుగా పట్టుకుని గుర్రం మెడ మీద ఆనిస్తాడు. గుర్రం నోటితో ఆ బిగువు మీద ఆనుకుని పరుగెత్తడం నేర్చుకుంటుంది. గట్టి పట్టు అంటే దాని లెక్కలో 'పద' అని. పందెం అయిపోయాక జాకీ నడుము నిటారు చేసి, పగ్గాల బిగువు సడలిస్తే, ఇక చాలన్నమాట అని వేగం తగ్గిస్తుంది.

ఇప్పుడు మీ సంగతి చూడండి. గుర్రం వేగం పెంచగానే భయపడిన మనిషి ఒళ్లు తనకు తెలియకుండానే ముందుకు వంగుతుంది. మోకాళ్లు జీనును నొక్కేస్తాయి, మడమలు పైకి లేచి గుర్రం డొక్కలకు తగులుతాయి. చేతులు రెండు పగ్గాలనూ పట్టుకుని వదలకుండా లాగుతాయి. అచ్చం జాకీ భంగిమే అది. మీరు ఆగమని వేడుకుంటున్నారు, మీ ఒళ్లు మాత్రం పందెం మొదలైందని చెబుతోంది. మైనా మీ ఒంటి మాటే విన్నది. మీకు ఇలా జరగడంలో వింతేమీ లేదు. ముసలి క్లబ్బు గుర్రం మీద నాలుగేళ్లు నేర్చుకున్నవాళ్లెవరికైనా జరుగుతుంది. ఎందుకంటే ఆ గుర్రం మన పొరపాట్లన్నీ ఏళ్ల తరబడి మింగేస్తూ వస్తుంది, అవి మనకు తెలియనే తెలియవు. కాబట్టి తప్పు ఎవరిదన్న లెక్క వదిలేయండి. మీ ఇద్దరి మధ్య భాష కుదరలేదు. అది కుదిర్చే మార్గం ఉంది, దానికి నెలలు పడుతుంది.

ఇక మీకు వచ్చిన సలహాల సంగతి.

ముళ్ల కళ్లెం విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. వద్దు. గుర్రం నోట్లో ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెపు ఇనుము కూర్చునేది అక్కడే. అక్కడ ఎముక మీద ఉండేది పలచటి చిగురు పొర ఒక్కటే. దాని మీద ముళ్లు పెట్టి లాగితే ఒకటి రెండు రోజులు గుర్రం ఆగినట్టే కనిపిస్తుంది. తర్వాత ఆ నొప్పిని తప్పించుకోవడానికి తల ఆకాశానికి ఎత్తడమో, వెనక్కి వాలి ముందుకాళ్లు లేపడమో, నొప్పి నుంచే పారిపోవడానికి మరింత పరుగెత్తడమో మొదలుపెడుతుంది. నొప్పి పుడితే పారిపోవడం గుర్రం పుట్టుకలోనే ఉంది. దాన్ని ఇంకా ఎక్కువ నొప్పితో ఆపలేం. పైగా బండి లాగే, బరువులు మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1965లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నియమాలు ముళ్లున్న కళ్లేన్ని స్వారీకైనా, బండికైనా వాడకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. మీ సైసు మీద కోపం తెచ్చుకోకండి, అతను చూసిందీ నేర్చుకున్నదీ అదే. కానీ మీరు లేనప్పుడు వేసి చూడకుండా ఉండటానికి, ఆ కళ్లెం స్టేబుల్‌లోనే లేకుండా చూడండి. మధ్యలో కీలు ఉన్న మామూలు స్నాఫిల్ కళ్లెం, నోటికి సరిపడా సైజుది, చాలు.

అలసగొట్టమన్న సలహా వినడానికి బాగుంటుంది, అందుకే దాన్ని చాలామంది నమ్ముతారు. రోజూ గంట గ్యాలప్ చేయిస్తే మైనా మొదటి వారం అలసిపోతుంది. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ పందేనికి సిద్ధమైన గుర్రంలా తయారవుతుంది, ఇంకా ఎక్కువ ఊపిరితో, ఇంకా ఎక్కువ కండతో. రేసు ట్రైనర్లు గుర్రాన్ని ఫిట్ చేసేది అలాగే కదా. పైగా గ్యాలప్ అలవాటును మరిపించాల్సిన సమయంలో దాన్నే రోజూ సాధన చేయించినట్టవుతుంది.

అమ్మేయమన్న మీవారి మాట గురించి చివర్లో మాట్లాడతాను. దానికంటే ముందు చూడాల్సింది మైనా ఒళ్లు. ప్రవర్తన బాగాలేదని అనుకునే ముందు నొప్పి లేదని తేల్చుకోవాలి. ఈ వరసను ఎవరు ఎంత తొందరపెట్టినా తప్పించకండి.

మొదట పళ్లు. గుర్రం పళ్లు జీవితాంతం అరుగుతూ, కింది నుంచి పైకి వస్తూనే ఉంటాయి. పై దవడ కింది దవడ కంటే వెడల్పు కావడంతో పై పళ్ల బయటి అంచులు, కింది పళ్ల లోపలి అంచులు అరగక కత్తుల్లా మిగిలిపోతాయి. బుగ్గ లోపలా నాలుక అంచునా పుండ్లు పడతాయి. పగ్గం బిగువుకు నోరు తెరవడం, తల విసరడం అందుకూ కావచ్చు. గుర్రాలు చూసే వెటర్నరీ డాక్టరు నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, లైటు వేసి లోపలి పళ్లదాకా చూసి, అంచులు రాకి ఇస్తారు. కనీసం ఏడాదికోసారి చేయించాల్సిన పని ఇది. మీరు కొన్నాక చేయించినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

తర్వాత వీపు, జీను. పందేలు మానేశాక గుర్రం ఒంటి ఆకారమే మారిపోతుంది. ఒకచోట కండ తగ్గుతుంది, ఇంకోచోట పెరుగుతుంది. ఎనిమిది నెలల కిందట సరిపోయిన జీను ఇప్పుడు భుజాల మీద నొక్కుతూ ఉండొచ్చు. మీరు కూర్చున్నప్పుడు జీను ముందు భాగానికీ, మెడ వీపును కలిసే ఎత్తైన ఎముకకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. మధ్య గాడిలోంచి చూస్తే వెన్ను పొడవునా వెలుతురు కనపడాలి. పని అయ్యాక జీను తీసి చెమట మచ్చ చూడండి. చుట్టూ తడిసి, మధ్యలో అరచేయంత చోటు పొడిగా ఉంటే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని అనుమానించాలి. వేళ్ల కొసలతో వెన్నుకు రెండు వైపులా మెల్లగా నొక్కుతూ వెళ్లండి. వీపు కుంగిపోవడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం కనపడితే ముందు డాక్టర్ని పిలవండి. డెక్కలు కూడా చూపించండి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి నాడాలవాడు చెక్కాలి.

ఇక తిండి. నిజం చెప్పాలంటే, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. గుర్రం రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేయడానికి పుట్టిన జంతువు. దాని కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. గడ్డి నములుతూ ఉంటే లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. గంటల తరబడి ఖాళీ కడుపుతో నిలబెట్టి, రెండు పూటలా గింజలు పోస్తే కడుపులో పుండ్లు పడతాయి. రేసు గుర్రాల్లో ఇవి చాలా ఎక్కువ. జీను పట్టీ బిగించేటప్పుడు మైనా కరవబోతుందా? డొక్క తగిలితే ఉలిక్కిపడుతుందా? అయితే డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. సుమారు 450 కిలోల గుర్రానికి రోజుకు 8 నుంచి 9 కిలోల ఎండుగడ్డి కావాలి, అదీ ఒకేసారి కాకుండా పగలూ రాత్రీ అందుబాటులో ఉండేలా. వారానికి రెండు రోజులు పనిచేసే గుర్రానికి పందెపు గుర్రం దాణా అక్కర్లేదు. వాడని బలమంతా క్యాంటర్‌లో బయటికి వస్తుంది. అయితే దాణాను ఒక్కరోజులో ఆపేయకండి. కడుపునొప్పి, అంటే కోలిక్, ప్రమాదం. వారం పది రోజుల్లో గింజలు తగ్గిస్తూ గడ్డి పెంచుతూ రండి. మన దగ్గర ఉలవలు పెట్టే అలవాటుంది కదా, మీ సైసు కూడా అడుగుతాడు. నానబెట్టో ఉడకబెట్టో కొద్దిగా పెట్టొచ్చు. కానీ అవీ గింజల లెక్కలోకే వస్తాయి. ఓట్స్ అలాగే ఉంచి వాటి పైన ఉలవలు వేస్తే లాభం లేదు.

గడ్డి ఎంత ముఖ్యమో షెడ్డు బయట గడిపే సమయమూ అంతే ముఖ్యం. మైనా రోజుకు అరగంట నడుస్తోంది, మిగతా సమయమంతా నాలుగు గోడల మధ్య నిలబడుతోంది. అలాంటి గుర్రం శనివారం పొద్దున మైదానం చూడగానే ఏం చేస్తుందని మనం అనుకోవాలి? ప్యాడక్‌లో, అంటే కంచె వేసిన చిన్న ఖాళీ స్థలమైనా సరే, మరో నెమ్మది గుర్రం కనిపించే చోట, రోజూ కొన్ని గంటలు వదలండి. వేసవిలో తెల్లవారుజామున, రాత్రిపూట వదలొచ్చు. చాలామంది మాజీ రేసు గుర్రాలను మళ్లీ స్వారీకి తెచ్చే ముందు కొన్ని నెలలు ఇలా ఊరికే వదిలేస్తారు. మీ ఎముక అతుక్కునే ఈ వారాలు మైనాకు ఆ సెలవుగా పనికొస్తాయి.

ఇవన్నీ సర్దుకున్నాక శిక్షణ. దాన్ని నేల మీద నుంచే మొదలుపెట్టాలి, జీను మీద నుంచి కాదు.

గుర్రానికి ఏది నేర్పినా సూత్రం ఒక్కటే. చిన్నగా ఒత్తిడి పెట్టాలి, కావాల్సిన పని చేసిన క్షణంలోనే ఆ ఒత్తిడి తీసేయాలి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి నుంచి కాదు, అది పోయిన క్షణం నుంచి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే తను దేనికి విడుదల పొందిందో దానికి అర్థం కాదు. అందుకే, ఆగిన తర్వాత కూడా పగ్గాలు బిగించే ఉంచేవాళ్ల గుర్రాలు క్రమంగా ఆగడం మానేస్తాయి. ఆగినందువల్ల వాటికేమీ దక్కడం లేదు కదా!

మైనా పక్కన నిలబడి, స్నాఫిల్ వేసి, రెండు పగ్గాలూ మెల్లగా అందుకోండి. లాగొద్దు, వేళ్లు మూసి ఉంచండి అంతే. అది కాస్త ఎదురు తోస్తుంది. మీరు పెంచకండి, తగ్గించకండి. ఎప్పుడో ఒక క్షణం దవడ వదులు చేస్తుంది, లేదా బరువు వెనక్కి తీసుకుంటుంది. వెంటనే వేళ్లు తెరవండి, మెడ నిమరండి. ఇలా పది పదిహేను నిమిషాలు, అంతకు మించి వద్దు. కొన్నాళ్లకు వేళ్లు మూయగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. 'బిగువు అంటే పద' అన్న పాత అర్థం మీద 'బిగువు అంటే ఆగు' అన్న కొత్త అర్థం ఎక్కడం మొదలైందన్నమాట. దాంతోపాటు ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడటం నేర్పండి. రేసుల్లో గుర్రం నడుస్తుండగానే జాకీని కాలు పట్టి పైకెక్కిస్తారు కాబట్టి, మనం ఎక్కే మెట్టు పక్కన కదలకుండా నిలబడాలని చాలా రేసు గుర్రాలకు తెలియనే తెలియదు.

తర్వాత జీను మీద, నడకలో. ఇరవై అడుగులు నడవడం, ఊపిరి వదిలి, నడుము పొడవు చేసి, వేళ్లు మూయడం, ఆగగానే వదిలేయడం. ఇది విసుగు పుట్టించే పని. కానీ ఇదే పునాది. ట్రాట్‌లో 20 మీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రంలో పని చేయండి. పది పన్నెండు అడుగులు ట్రాట్, తిరిగి నడక, మళ్లీ ట్రాట్. మైనా తొందరపడ్డాక ఆపడం కాదు, తొందరపడే ఆలోచన రాకముందే నడకలోకి తేవాలి. గుండ్రం గుర్రం వేగాన్ని దానంతటదే సర్దుతుంది, మీరు లాగాల్సిన పని తగ్గుతుంది. ట్రాట్‌లో పగ్గం కొంచెం వదులు చేసినా వేగం పెంచకుండా ఉంటుందని రోజుల తరబడి చూశాకే క్యాంటర్. అదీ కంచె ఉన్న అరీనాలో, గుండ్రంలో, ఐదారు అడుగులు. బయటి మైదానం, పక్కన మరో గుర్రం పరుగెత్తడం, ఈ రెండూ చివరి పాఠాలు. రేసు గుర్రానికి పక్కన గుర్రం పరుగెడితే ఏం గుర్తొస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ పనంతా మీ చేతులు మీ ఒంటి ఊపుతో కదలకుండా ఉంటేనే సాధ్యం. గుర్రం ఊపుకు నడుము తూలి, బ్యాలెన్స్ కోసం పగ్గాలు పట్టుకునే మనిషి పైన చెప్పిన 'మూసి, వదిలే' పని చేయలేరు. ప్రతి అడుగుకూ తెలియకుండా నోటిని లాగుతూనే ఉంటారు. కాబట్టి మైనాకు ఎంత శిక్షణ కావాలో మీకూ అంతే కావాలి. దీన్ని నిందగా తీసుకోకండి. ఒలింపిక్స్ స్థాయి స్వారీదారులు కూడా తమ కూర్చునే తీరు మీద జీవితాంతం పనిచేస్తూనే ఉంటారు.

డాక్టరు అనుమతి ఇచ్చాక క్లబ్బులో మీకు తెలిసిన ముసలి గుర్రాన్నే అడగండి. మంచి టీచరు పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే, మీరు పగ్గాలు ముడివేసి మెడ మీద వదిలేసి కూర్చోండి. మొదట నడకలో, తర్వాత ట్రాట్‌లో, కొన్నాళ్లకు రికాబులు లేకుండా. చేతులు పక్కలకు చాపడం, ఒక చెయ్యి నెత్తి మీద పెట్టడం, మొండెం కుడికీ ఎడమకీ తిప్పడం. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు చాలు. పక్క నుంచి ఎవరైనా చూస్తే మీ చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. మోచేతులు వంగి నడుము పక్కనే, బొటనవేళ్లు పైకి, మోచేతి నుంచి గుర్రం నోటిదాకా ఒకే సరళరేఖ. చూపు గుర్రం చెవుల మధ్యలోంచి ముందుకు. తల వంచి గుర్రం మెడ చూస్తే ఒళ్లంతా ముందుకు పడుతుంది. భయం వేసినప్పుడు మనం మొదట ఆపేసేది ఊపిరి. బిగ్గరగా అంకెలు లెక్కపెట్టడమో, పాడటమో చేయమని నేను విద్యార్థులకు చెబుతాను, ఎందుకంటే పాడే మనిషి ఊపిరి బిగపట్టలేరు. మీరు ఏం పాడినా పర్వాలేదు, గుర్రం అభ్యంతరపెట్టదు.

మైనా మీదికి తిరిగి వచ్చిన రోజు దాని మెడకు ఒక తోలు పట్టీ కట్టండి. బ్యాలెన్స్ తప్పితే పట్టుకోవడానికి పగ్గం కాకుండా అది ఉంటుంది. ఎప్పుడైనా మళ్లీ దూసుకుపోతే రెండు పగ్గాలనూ ఆపకుండా లాగడం ఒక్కటి మానండి. నిటారుగా కూర్చుని, ఒక చేతిని పొట్టి పగ్గంతో మెడ మీద జూలులో గట్టిగా ఆనించి, రెండో చేత్తో వెనక్కి, పైకి లాగి వదలడం, లాగి వదలడం. లాగిన ప్రతిసారీ వదలాలి. స్థలం ఉంటే పెద్ద గుండ్రంలోకి తిప్పి, దాన్ని క్రమంగా చిన్నది చేయండి. వేగంలో ఉండగా ఒక్కసారిగా తల పక్కకు గుంజితే గుర్రం కాళ్లు తడబడి మీతో సహా పడొచ్చు. ఇదంతా నడకలో, ట్రాట్‌లో ముందే సాధన చేస్తేనే అవసరానికి చేతులకు గుర్తుంటుంది.

ఇప్పుడు ఉంచుకోవాలా, వదిలేయాలా అన్నది. మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. దేనికి ఎంత ఖర్చో, ఎంత కాలమో నాకు తోచినట్టు చెబుతాను, నిర్ణయం మీది.

మైనాను మీరే మార్చుకోవచ్చు. మీకు ఎక్కువ తృప్తినిచ్చే దారి ఇది. కానీ మాజీ రేసు గుర్రానికి వారంలో నాలుగైదు రోజులు, రోజూ కొంచెం కొంచెంగా, ఒకే పద్ధతిలో పని ఉండాలి. శని, ఆదివారాలతో అవదు. మీ ఉద్యోగంలో రోజూ తెల్లవారుజామున స్టేబుల్‌కు వెళ్లడం కుదురుతుందా? ఆరు నెలలు, బహుశా ఏడాది, క్యాంటర్ ఊసే లేకుండా ఉండగలరా? ఈ రెండింటికీ నిజాయితీగా అవునని చెప్పగలిగితేనే.

రెండోది, అనుభవమున్న స్వారీదారుకు రెండు మూడు నెలలు శిక్షణకు అప్పగించడం. ఆ సమయంలో మీరు వేరే గుర్రం మీద నేర్చుకోవడం. మీ ఉత్తరం చదివాక నా మనసు మొగ్గేది ఇటే. అయితే అప్పగించే ముందు ఆ మనిషి వేరే కుర్ర గుర్రం మీద క్యాంటర్ చేస్తుంటే చూడండి. పగ్గం వదులు చేసినా ఆ గుర్రం అదే వేగంలో ఉంటుందా? నోరు మూసి ఉంటుందా? ఏ కళ్లెం వాడతారని అడగండి. చెప్పకుండా మధ్యలో వెళ్లి చూడటానికి ఒప్పుకోకపోతే అక్కడ వదలకండి. ఇంకో ముఖ్యమైన సంగతి. చివరి నెలలో మీరూ వెళ్లి ఆయన ముందే మైనా మీద ఎక్కాలి. గుర్రం మారి, మనిషి మారకపోతే, ఇంటికొచ్చిన కొద్ది వారాల్లోనే కథ మొదటికొస్తుంది. డబ్బు పోయిందన్న కోపం కూడా దానికి తోడవుతుంది.

మూడోది పంచుకోవడం. క్లబ్బులో బాగా స్వారీ చేస్తూ సొంత గుర్రం లేని యువతీ యువకులు ఉంటారు. వారంలో మూడు రోజులు వాళ్లు మైనాతో పనిచేస్తే, దానికి వ్యాయామం, మీకు ఊపిరి. ఎవరు ఏం చేయొచ్చు, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకోండి. ఇద్దరి పద్ధతీ ఒకటే కావాలి, లేకపోతే మైనాకు అయోమయం.

నాలుగోది అమ్మడం. మీవారి మాటలో పిరికితనం ఏమీ లేదు. ఆయన మిమ్మల్ని ఆసుపత్రిలో చూసిన మనిషి. మీ స్థాయికి సరిపడని గుర్రాన్ని సరైన చేతుల్లో పెట్టడం కూడా దానిమీద ప్రేమే. కాకపోతే ఎలా అమ్ముతారన్నదే ప్రశ్న. క్యాంటర్‌లో దూసుకుపోతుందన్న సంగతి దాచి, తెలియని దళారికి ఇస్తే, రేపు దాని మీద ఎవరో పద్నాలుగేళ్ల పిల్ల ఎక్కవచ్చు. లేదా బ్యాండు, బాణాసంచా మధ్య పెళ్లి ఊరేగింపులో నిలబడాల్సి రావచ్చు. ఉలికిపడే థరోబ్రెడ్‌కు అంతకంటే నరకం లేదు, ఆ గుంపులో ఉన్న జనానికీ ప్రమాదమే. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పళ్లూ వీపూ చూపించిన కాగితాలు జతచేసి, అనుభవజ్ఞులకే ఇస్తామని చెప్పి, మళ్లీ అమ్మాలనుకుంటే ముందు మీకు చెప్పాలని రాయించుకోండి. ధర తగ్గుతుంది, ఆలస్యమూ అవుతుంది. అందుకు సిద్ధపడండి.

ఏ దారి ఎంచుకున్నా నొప్పి పరీక్షలూ తిండి మార్పూ ముందు చేయించండి. అవి జరగకుండా ఈ గుర్రం గురించి ఎవరు చెప్పిన తీర్పునూ నేను నమ్మను. కొన్నిసార్లు ఒక్క పళ్లపనితో సగం గొడవ తగ్గిపోవడం చూశాను. తగ్గకపోవడమూ చూశాను.

మీ భయం గురించి. అరచేతులు చెమట పట్టడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఎముక విరిగిన చోటికి తిరిగి వెళ్తున్నారని మీ ఒంటికి గుర్తుంది. దాన్ని తోసేసి ధైర్యం నటిస్తే మైనాకు వెంటనే తెలుస్తుంది. ఎందుకంటే అది మీ బిగిసిన తొడలనూ, ఆగిన ఊపిరినీ చదువుతుంది. కొన్నాళ్లు ఎక్కకండి. వెళ్లి మాలిష్ చేయండి, డెక్కలు శుభ్రం చేయండి, ప్యాడక్‌లో దానితో నడవండి, నేల పాఠాలు చెప్పండి. చెమట తగ్గిందనిపించిన రోజు ముందుకు వెళ్లండి, పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి. ఎన్ని నెలలైనా సరే.

అత్తగారింట్లో అబద్ధం చెప్పిన సంగతి మీ కుటుంబ విషయం, తీర్పు చెప్పడానికి నేనెవరిని? కానీ రక్షణ కోణంలో ఒక మాట. మీరు గుర్రం ఎక్కుతున్నారని ఇంట్లో మీవారికి తప్ప తెలియకపోతే, ఆయన అందుబాటులో లేనప్పుడు మీరు ఎక్కడున్నారో ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. మరోసారి పడితే డాక్టరుకు చెప్పాల్సిన నిజం కూడా మెట్ల కథ చాటున ఉండిపోతుంది. ముందు మీవారితో కూర్చుని, ఈ ఆరు నెలల ప్లాన్, ఎక్కడ ఆగిపోతారో ఆ గీత సహా, చెప్పండి. "మంచి టీచరు దగ్గర ఆరు నెలలు పనిచేశాక కూడా ట్రాట్‌లో నాకు భరోసా రాకపోతే వదిలేస్తాను" అని మీ నోటితోనే మీరంటే, ఆయన అమ్మేయమనడం మానేసి మీతో కలిసి ఆలోచించడం మొదలుపెట్టవచ్చు. ఒకరోజు స్టేబుల్‌కు తీసుకెళ్లండి. మీ అత్తగారికి ఎప్పుడు, ఎలా చెప్పాలో మీ ఇద్దరికీ అప్పుడు సులువుగా తోస్తుంది.

ఒంటరిగా మాత్రం ఎప్పుడూ ఎక్కకండి. ఒకరు అరీనా గేటు దగ్గర ఉండాలి, ఫోను చేతిలో ఉండాలి. ఛాతీకి రక్షణ జాకెట్ కొనండి. పడ్డ రోజు మీ తల నేలకు తగిలి ఉంటే, ఆ హెల్మెట్ పైకి ఎంత బాగున్నా మళ్లీ పెట్టుకోకండి. లోపలి మెత్త ఒక్కసారి నలిగితే రెండో దెబ్బకు కాపాడదు. కొత్తది, గుర్రపు స్వారీ కోసమే తయారైనది, తలకు సరిగ్గా అతికేది తీసుకోండి. బైకు హెల్మెట్ దీనికి పనికిరాదు.